ఫ్రెంచి భూతకాలానికి ఇంగ్లీషు మీదుగా వెళ్లనక్కరలేదు

విజయవాడలో ఇప్పుడు ఫ్రెంచి నేర్చుకుంటున్నవారిలో సాహిత్యం మీద మోజుతో వచ్చేవారు తక్కువ, కెనడా మీద ఆశతో వచ్చేవారు ఎక్కువ. 2023 నుంచి కెనడా ప్రభుత్వం వలసదారుల ఎంపికలో ఫ్రెంచి వచ్చినవారికి ప్రత్యేకమైన విభాగం పెట్టడంతో, బీటెక్ పూర్తి చేసి ఉద్యోగం చేస్తున్న పిల్లలు కూడా సాయంత్రం పూట మొగల్రాజపురంలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని క్రియారూపాలు వల్లె వేస్తున్నారు. వర్తమానకాలం వరకు వారి బండి సాఫీగానే నడుస్తుంది. సంయుక్త భూతకాలం, అంటే ఫ్రెంచివారు పాసే కోఁపోౙే అని పిలిచే రూపం దగ్గరికి వచ్చేసరికి సగంమంది తడబడతారు. నియమం కష్టమైనది కావడం వల్ల ఈ తడబాటు వస్తుందని నేను అనుకోను. తెలుగు, హిందీ, కొందరికి సంస్కృతం కూడా చేతిలో ఉండగా, ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని అక్కడినుంచి ఫ్రెంచిలోకి దిగాలని చూడటమే దీనికి మూలం అని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఒక మామూలు క్రియను తీసుకుని, దాని సంయుక్త భూతకాలాన్ని మన భాషల వైపు నుంచి ఎలా కట్టుకోవచ్చో చూపిస్తాను.

లిపి గురించి ముందే ఒక మాట చెప్పాలి. ఫ్రెంచి ఉచ్చారణను తెలుగులో రాయడానికి నేను మన పాత అక్షరాలు రెండింటిని వాడుతున్నాను. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న అచ్చంగా సరిపోతుంది. ఇంగ్లీషు జెడ్ ధ్వనికి, 'జల్లెడ'లో మనం పలికే దంత్య జకారం దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి 'ౙ' పెడుతున్నాను. కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి ఈ రెండు జకారాల తేడా నాలుక మీదే ఉంటుంది గనుక, వేరే రాష్ట్రాల విద్యార్థులు అవస్థపడే చోట మనవాళ్లు సులువుగా గట్టెక్కుతారు. అచ్చుపుస్తకాలలోంచి ఎప్పుడో వెళ్లిపోయిన అరసున్న ఇలా ఫ్రెంచి పాఠంలో కొలువు తీరడం నాకు ప్రతిసారీ సరదాగానే ఉంటుంది.

ఇక క్రియ. ఫ్రెంచిలో క్రియలన్నింటిలో పదింట తొమ్మిది వంతుల వరకు 'ఇ-ఆర్' అనే రెండక్షరాలతో ముగుస్తాయి. కొత్తగా పుట్టే క్రియలు కూడా దాదాపుగా ఈ గుంపులోనే చేరతాయి. మనం 'లైక్ చేశాను' అని 'చేయు'ను తగిలించి పని జరుపుకున్నట్టే, వారు ఆ మాటకే 'ఇ-ఆర్' తగిలించి 'జే లైకే' అంటారు. ఈ గుంపులోంచి 'ఇచ్చు' అనే అర్థం గల 'దొనే' అనే క్రియను తీసుకుందాం. చాలా పుస్తకాలు 'మాట్లాడు' అనే క్రియతో మొదలుపెడతాయి గాని, 'ఇచ్చు'కు ఒక సౌకర్యం ఉంది: ఇచ్చే వస్తువు ఒకటి, పుచ్చుకునే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ ఇద్దరి మధ్య తేడా తెలియడమే ఈ పాఠంలో కష్టమైన భాగమంతటికీ తాళంచెవి.

సంయుక్త భూతకాలంలో రెండు ముక్కలు ఉంటాయి. మొదటిది సహాయక క్రియ, అది వర్తమానకాలంలో ఉంటుంది, కర్తను బట్టి మారుతుంది. రెండవది అసలు క్రియ నుంచి పుట్టిన భూతకాలిక విశేషణం. మన 'ఇచ్చిన' వంటిదన్నమాట. 'ఇ-ఆర్' క్రియలకు ఆ రెండక్షరాలు తీసేసి, నెత్తిన గీత ఉన్న 'ఇ' పెడితే ఏకారం పలుకుతుంది. 'ఐ-ఆర్'తో ముగిసే మామూలు క్రియలకు ఇకారం మిగులుతుంది, అందుకే 'ముగించు'కు 'ఫినీ' వస్తుంది. 'ఆర్-ఇ'తో ముగిసేవాటిలో నియమబద్ధమైనవాటికి 'యు' అక్షరం వస్తుంది, అందుకే 'అమ్ము'కు 'వాఁదు' అవుతుంది. ఈ చివరి ఉకారాన్ని, పెదవులు 'ఉ'కు గుండ్రం చేసి నాలుకతో 'ఈ' పలికినట్టు పలకాలి.

సహాయక క్రియ సాధారణంగా 'కలిగి ఉండు' అనే అర్థం గల 'అవ్వార్'. 'జే దొనే' అంటే నేను ఇచ్చాను. 'తు ఆ దొనే' అంటే నువ్వు ఇచ్చావు. 'ఇల్ ఆ దొనే' అంటే అతను ఇచ్చాడు, 'ఎల్ ఆ దొనే' అంటే ఆమె ఇచ్చింది. 'నూ ౙవోఁ దొనే' అంటే మేము ఇచ్చాము, మనం ఇచ్చాము అని కూడా అదే. 'వూ ౙవే దొనే' అంటే మీరు ఇచ్చారు. 'ఇల్ ౙోఁ దొనే' అంటే వాళ్లు ఇచ్చారు. చూడండి, ఇచ్చింది ఎవరైనా 'దొనే' కదలలేదు, మారిందంతా ముందున్న చిన్న క్రియే. తెలుగులో కర్తకు సంబంధించిన గుర్తు క్రియ చివర వస్తే, ఇక్కడ అది క్రియ ముందుకు వచ్చి నిలబడింది. చివరి అక్షరం వినడానికి అలవాటుపడిన మన చెవిని మొదటి అక్షరం వైపు తిప్పుకోవడం తప్ప ఇందులో కొత్తగా కంఠస్థం చేయవలసింది లేదు.

ఇక్కడే ఇంగ్లీషు అడ్డం వస్తుంది. 'అవ్వార్'ను ఇంగ్లీషు 'హ్యావ్'తో జత కట్టుకున్న విద్యార్థి, 'జే దొనే' అంటే 'ఐ హ్యావ్ గివెన్' అనుకుంటాడు. నిన్న, పోయిన ఏడాది, 2019లో అని చెప్పవలసి వచ్చినప్పుడు, ఇంగ్లీషులో అలాంటి మాటల పక్కన 'హ్యావ్' పెట్టకూడదని బడిలో దెబ్బలు తిని నేర్చుకున్నాడు గనుక, ఫ్రెంచిలో కూడా దానికోసం వేరే రూపం వెతుక్కుంటాడు. ఆ వెతుకులాట అనవసరం. 'జే మాఁజే ఇయెర్', నిన్న తిన్నాను, అని ఫ్రెంచివారు హాయిగా అంటారు. 'తిన్నాను' అనే మన ఒక్క మాట, ఇప్పుడే తిని చెయ్యి కడుక్కున్నప్పుడూ చెల్లుతుంది, పదేళ్ల కిందటి పెళ్లి భోజనానికీ చెల్లుతుంది. ఫ్రెంచి సంయుక్త భూతకాలం పరిధి సరిగ్గా అంతే. తెలుగు 'తిన్నాను' నుంచి నేరుగా దిగినవారికి ఈ సందేహం పుట్టనే పుట్టదు.

అయితే 'కలిగి ఉండు' అనే క్రియ భూతకాలంలోకి ఎందుకు వచ్చిందని మంగళగిరి నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. 'నాకు ఇల్లు ఉంది' అనడానికీ 'నేను ఇచ్చాను' అనడానికీ సంబంధం ఏమిటని ఆమె సందేహం. సరైన సందేహమే, ఎందుకంటే తెలుగులో 'హ్యావ్'కు సాటి వచ్చే క్రియ లేదు. దీనికి జవాబు ఫ్రెంచికి తల్లి అయిన లాటిన్‌లో ఉంది. లాటిన్‌లో 'రాయబడిన ఉత్తరాన్ని కలిగి ఉన్నాను' అనే తరహా వాక్యాలు ఉండేవి. ఉత్తరం నా దగ్గర ఉంది, రాసిన స్థితిలో ఉంది అని వాటి అర్థం. ఎవరి దగ్గర ఉందో వారే రాశారని అనుకోవడం సహజం కాబట్టి, క్రమంగా ఆ వాక్యానికి 'ఉత్తరం రాశాను' అనే అర్థం స్థిరపడింది. మనం 'ఉత్తరం రాసి ఉంచాను' అంటాం కదా, అందులో 'ఉంచాను' అనేది ఒకపక్క ఉత్తరం ఉనికిని చెబుతూనే మరొకపక్క పని పూర్తయిందని చెబుతోంది. ఫ్రెంచి 'అవ్వార్' ఆ రెండో అర్థంలోకి పూర్తిగా జారిపోయింది. ఈ పాత కథను కొంచెం గుర్తుంచుకోవాలి, కాసేపటిలో మళ్లీ అవసరం పడుతుంది.

వ్యతిరేకార్థం సంగతి తేలికే గాని, అందులో ఒక ముచ్చట ఉంది. 'ఇవ్వలేదు' అనడానికి ఫ్రెంచిలో 'జె నే పా దొనే' అంటారు. 'నె', 'పా' అనే రెండు ముక్కలు సహాయక క్రియను చెరోవైపు నుంచి పట్టుకుంటాయి, 'దొనే' జోలికి పోవు. విద్యార్థులు 'పా'ను తీసుకెళ్లి చివర పెడుతుంటారు. తెలుగులో చూస్తే 'ఇచ్చాను' ఒకే మాట గాని, 'ఇవ్వలేదు'లో 'ఇవ్వ', 'లేదు' అని రెండు ముక్కలున్నాయి. 'లేదు' అనేది 'ఉండు' క్రియకు వ్యతిరేక రూపం. అంటే లేదన్న అర్థం అసలు క్రియలో కాకుండా సహాయక క్రియలోనే చేరింది. ఫ్రెంచిలో జరిగేదీ అదే. ప్రశ్నలో కూడా సహాయక క్రియే కదులుతుంది: 'ఆ తిల్ దొనే?' అంటే 'అతను ఇచ్చాడా?'. 'ఇప్పటికే', 'బాగా' వంటి చిన్న క్రియావిశేషణాలు కూడా రెండు ముక్కల నడుమ కూర్చుంటాయి: 'జే దేజా ఫినీ', ఇప్పటికే ముగించాను.

ఇంతవరకు వచ్చినది చెవికి సంబంధించిన పాఠం. చేతికి సంబంధించిన పాఠం దీనికంటే ఎంతో కఠినం. ఎలా పలుకుతామో అలా రాసుకునే భాషలో పెరిగిన మనకు, 'దొనే' అనే ఒకే ధ్వనికి ఫ్రెంచిలో ఎన్ని వర్ణక్రమాలు ఉన్నాయో చూస్తే గుండె జారుతుంది. 'ఇవ్వడం' అనే మూలరూపం 'ఇ-ఆర్'తో రాస్తారు, పలకడం 'దొనే'. 'మీరు ఇస్తారు' అనే వర్తమానం 'ఇ-జెడ్'తో రాస్తారు, పలకడం 'దొనే'. భూతకాలిక విశేషణం గీత పెట్టిన 'ఇ'తో రాస్తారు, అది స్త్రీలింగానికి మరో 'ఇ' చేర్చుకుంటుంది, బహువచనానికి 'ఎస్' చేర్చుకుంటుంది, రెండూ కావలసివస్తే రెండింటినీ చేర్చుకుంటుంది. వినడానికి అన్నీ 'దొనే'లే. ఫ్రాన్సులో బడిపిల్లలకు చెప్పిరాత పరీక్ష అంటే అంత భయం ఎందుకో ఈ ఒక్క క్రియ చూస్తే తెలుస్తుంది.

ఒక విద్యార్థి చెప్పిరాత కాగితం నా ముందు ఉంది. 'పక్కింటావిడకు ఇచ్చిన తాళంచెవులు' అనే అర్థం వచ్చే 'లే క్లే కె జే దొనే ఆ లా వ్వాౙీన్' అనే వాక్యం చెప్పాను. అతను 'దొనే'ను ముందు 'ఇ-ఆర్'తో రాశాడు, కొట్టేశాడు. తరువాత గీత పెట్టిన 'ఇ' ఒక్కటే రాశాడు. దాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ఆ ప్రశ్నార్థకం చూసి నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే ఏదో తక్కువైందని అతనికి అనుమానం వచ్చింది. అక్కడ 'ఇ', 'ఎస్' రెండూ చేరాలి. తాళంచెవి ఫ్రెంచిలో స్త్రీలింగం, ఇక్కడ బహువచనం, పైగా 'దొనే' కంటే ముందు వచ్చింది.

నియమం ఇది. 'అవ్వార్' సహాయక క్రియగా ఉన్నప్పుడు భూతకాలిక విశేషణం కర్తతో లింగవచనాలు కలుపుకోదు. కర్మ దానికంటే ముందు వస్తే కర్మతో కలుపుకుంటుంది, తరువాత వస్తే ఎవరితోనూ కలుపుకోదు. 'తాళంచెవులు ఇచ్చాను' అంటే 'దొనే' మామూలుగానే ఉంటుంది. 'నేను ఇచ్చిన తాళంచెవులు' అంటే 'దొనే'కు స్త్రీలింగ బహువచనం అంటుకుంటుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారికి ఇది గాలిలోంచి ఊడిపడినట్టు ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లీషు క్రియ కర్మను ఎప్పుడూ పట్టించుకోదు. మన పిల్లలు మాత్రం దీన్ని ఆరో తరగతి హిందీలోనో, ఆ తరువాతి తరగతులలోనో ఎప్పుడో చదివేశారు. 'మైఁనే ఆమ్ ఖాయా', 'మైఁనే రోటీ ఖాయీ' అన్నప్పుడు తిన్నవాడు ఎవరైనా క్రియ మామిడిపండును చూసి ఒకలా, రొట్టెను చూసి మరోలా మారింది కదా. ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతం తీసుకున్నవారికైతే 'మయా ఫలం ఖాదితమ్', 'మయా రోటికా ఖాదితా' గుర్తుండాలి. 'క్త' ప్రత్యయం చేరిన పదం విశేషణం కాబట్టి దేనిని విశేషిస్తుందో దాని లింగవచనాలు తెచ్చుకుంటుంది. లాటిన్‌లోని 'రాయబడిన ఉత్తరం' కూడా అంతే. 'రాయబడిన' అనేది ఉత్తరానికి విశేషణం, కనుక ఉత్తరంతో లింగవచనాలు కలిపింది. ఆ పాత బంధుత్వమే కర్మ ముందు వచ్చిన సందర్భంలో ఫ్రెంచిలో ఇంకా మిగిలి ఉంది. హిందీకి, ఫ్రెంచికి ముఖ్యమైన తేడా ఒక్కటే: హిందీ ('కో' చేరని) కర్మ ఎక్కడున్నా చూస్తుంది, ఫ్రెంచి ముందున్న కర్మనే చూస్తుంది.

ముందు, తరువాత అనే ఈ విభజనను పాఠంగా చెప్పినవాడు 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారో. ఇటలీ భాషను చూపించి ఆయన చేసిన ఆ బోధ తరువాతి వ్యాకరణాలలో శాసనంలా పాతుకుపోయింది. 2018లో బెల్జియంకు చెందిన ఇద్దరు మాజీ ఉపాధ్యాయులు, 'అవ్వార్'తో వచ్చినప్పుడు ఈ అనుబంధం పూర్తిగా తీసేసి ఒకే రూపం ఉంచుదామని పత్రికాముఖంగా ప్రతిపాదిస్తే పెద్ద చర్చ నడిచింది. నా మట్టుకు నాకు ఆ ప్రతిపాదన న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే నియమబద్ధమైన క్రియల భూతకాలిక విశేషణాలన్నీ ఏ, ఈ, ఉ అనే అచ్చులతోనే ముగుస్తాయి గనుక ఈ మార్పు ఏ చెవికీ వినబడదు. 'నేను రాసిన ఉత్తరం' అనే అర్థంలో 'లా లెత్ర్ కె జే ఏక్రీత్' అన్నప్పుడు చివర తకారం వినబడుతుంది, అక్కడ నియమానికి ప్రాణం ఉంది. కాని ఆ క్రియ నియమానికి లొంగని జాతి. పరీక్ష రాసేవారు మాత్రం నా అభిప్రాయాన్ని పక్కన పెట్టి 'ఇ', 'ఎస్' చేర్చవలసిందే.

ఇప్పుడు 'ఇచ్చు' క్రియ సౌకర్యం సంగతికి వద్దాం. 'వాటిని ఇచ్చాను' అంటే 'జె లే ౙే దొనే'. 'వాళ్లకు ఇచ్చాను' అంటే 'జె లర్ ఏ దొనే'. రెండింటిలోనూ సర్వనామం క్రియకు ముందే వచ్చింది, రెండూ బహువచనమే. అయినా మొదటిదానికి 'ఎస్' చేరుతుంది, రెండవదానికి చేరదు. ఇంగ్లీషులో రెండింటికీ 'దెమ్' ఒక్కటే కాబట్టి అక్కడినుంచి వచ్చినవారు 'ప్రత్యక్ష కర్మ, పరోక్ష కర్మ' అనే పేర్లు పట్టుకుని కుస్తీ పడతారు. మనకు ఆ పేర్లతో పని లేదు. 'ని', 'ను' వస్తే ద్వితీయ, 'కి', 'కు' వస్తే, మన వ్యాకరణాలు వాటిని షష్ఠిలో చేర్చినా, అర్థంలో అది చతుర్థి. ద్వితీయ ముందుకు వస్తే అనుబంధం ఉంది, చతుర్థి ఎక్కడున్నా లేదు. అమ్మకు ఫోన్ చేశాను అన్నప్పుడు ఇంగ్లీషులో అమ్మ నేరుగా కర్మ అయిపోతుంది గాని, తెలుగులో 'అమ్మకు' అంటాం, ఫ్రెంచిలోనూ చతుర్థితోనే 'జె ల్వీ ఏ తెలెఫొనే' అంటారు. ఇక్కడ తెలుగువాడికి దారి చూపినది తెలుగే.

ఈ విభక్తుల వంతెన అన్నిచోట్లా బరువు మోయదని కూడా చెప్పాలి. మనం 'అమ్మను అడిగాను' అంటే వారు 'అమ్మకు అడిగాను' అన్న పద్ధతిలో 'జె ల్వీ ఏ దెమాఁదే' అంటారు. మనం 'నాకు సాయం చేసింది' అంటే వారు 'నన్ను' అన్న పద్ధతిలో 'ఎల్ మా ఏదే' అంటారు, సాయం పొందిన నేను స్త్రీని గనుక రాతలో 'ఇ' చేరుస్తాను. ఇలాంటి క్రియలు వచ్చినప్పుడల్లా ఒక పుస్తకంలో విడిగా రాసుకోమని మా విద్యార్థులకు చెబుతాను. ఆ జాబితా అనుకున్నంత పొడుగు అవ్వదు.

రెండవ సహాయక క్రియ 'ఉండు' అనే అర్థం గల 'ఎత్ర్'. వెళ్లు, వచ్చు, చేరు, బయలుదేరు, ఎక్కు, దిగు, పుట్టు, చనిపోవు, పడు, ఉండిపోవు వంటి కొద్ది క్రియలకు 'అవ్వార్' బదులు ఇది వస్తుంది. వీటితో భూతకాలిక విశేషణం కర్తతో లింగవచనాలు కలుపుకుంటుంది. 'ఇల్ ఎ తారీవే', అతను చేరాడు. 'ఎల్ ఎ తారీవే', ఆమె చేరింది. వినడానికి ఒకటే, రాతలో ఆమెకు ఒక 'ఇ' ఎక్కువ. 'రామ్ గయా, సీతా గయీ' అన్న హిందీ, 'రామః గతః, సీతా గతా' అన్న సంస్కృతం ఇక్కడ అక్షరాలా పనికివస్తాయి. మనవాళ్లు మరచిపోయేది ఉత్తమ పురుషలో. తెలుగులో 'నేను వచ్చాను' అన్నప్పుడు చెప్పేది ఆడో మగో క్రియ చెప్పదు. ఫ్రెంచిలో ఆడపిల్ల 'నేను గుంటూరులో పుట్టాను' అని రాస్తే 'పుట్టిన' అనే పదానికి స్త్రీలింగపు 'ఇ' చేర్చాలి. హిందీలో 'మైఁ ఆయీ' అనడం తెలిసిన పిల్ల ఇక్కడ వెంటనే సర్దుకుంటుంది. లింగాలను మాత్రం హిందీ నుంచి మోసుకుపోకూడదు, హిందీలో బస్సు స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం.

ఈ క్రియలను గుర్తుపెట్టుకోవడానికి 'కదలికను చెప్పే క్రియలు' అని చాలామంది చెబుతారు. అది సరైన గుర్తు కాదు. ప్రకాశం బ్యారేజీ మీద నడిచిన మనిషి ఎంతో కదిలాడు, అయినా 'జే మార్షే' అనే అంటాడు. కృష్ణను దాటిన మనుషులు 'నూ ౙవోఁ త్రావెర్సే లా కృష్ణా' అంటారు, అక్కడా 'అవ్వారే'. పరుగెత్తడం, ఈదడం, ప్రయాణించడం అన్నీ 'అవ్వార్' వైపే. ఇంట్లో కదలకుండా కూర్చున్న మనిషి మాత్రం 'జె స్వీ రెస్తే ఆ లా మెౙోఁ' అని 'ఎత్ర్' వాడాలి. కదలికకంటే, పని ముగిశాక కర్త ఏ స్థితిలోకి లేదా ఏ చోటికి వచ్చాడన్నది చెప్పే క్రియలు 'ఎత్ర్'ను కోరుకుంటాయి అనుకోవడం సత్యానికి దగ్గర. 'వచ్చి ఉన్నాడు', 'చనిపోయి ఉన్నాడు' అని మనం 'ఉండు'ను చేర్చినప్పుడు కూడా మన మనసు కర్త స్థితి మీదే ఉంటుంది.

అదే క్రియ రెండు సహాయక క్రియల మధ్య అటూ ఇటూ మారే సందర్భాలు మరింత రుచికరంగా ఉంటాయి. ఇంద్రకీలాద్రి దీనికి మంచి ఉదాహరణ. గుడికి ఎక్కి వెళ్లానని చెప్పాలంటే 'జె స్వీ మోఁతే ఓ తాఁప్ల్' అనాలి, గుడి చేరవలసిన చోటు, కర్మ లేదు. మెట్లు ఎక్కానని చెప్పాలంటే 'జే మోఁతే లే మార్ష్' అనాలి, మెట్లు ద్వితీయలో ఉన్న కర్మ అయ్యాయి, కర్మ రాగానే 'ఎత్ర్' తప్పుకుని 'అవ్వార్' వచ్చింది. మంగళగిరి మీదుగా వెళ్లానంటే 'జె స్వీ పాసే పార్ మంగళగిరి'. మంగళగిరిలో రెండు గంటలు గడిపానంటే 'జే పాసే దె ౙర్ ఆ మంగళగిరి'. గుడికి, మెట్లను, మీదుగా, గంటలు అనే మాటలను తెలుగులో ముందు తలుచుకుంటే ఏ సహాయక క్రియ కావాలో వాక్యమే చెబుతుంది.

'వాళ్లు చేరారు' అన్న 'ఇల్ సోఁ తారీవే'కూ 'వాళ్లు ఇచ్చారు' అన్న 'ఇల్ ౙోఁ దొనే'కూ మొదట్లో తేడా ఒక్క హల్లే. సకారానికి బదులు దంత్య జకారం పలికితే సహాయక క్రియే మారిపోతుంది. పరీక్షలో మాట్లాడేటప్పుడు ఇది పట్టుబడే తప్పు. అలాగే 'జె'ను హ్రస్వంగా పలికితే ఉత్త 'నేను', 'జే' అని దీర్ఘం తీస్తే 'నేను'తోపాటు సహాయక క్రియ కూడా వచ్చింది. 'జె దొనే' అనేవారు అనేకులు, అది సంయుక్త భూతకాలం కాదు.

ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ అనే పరీక్షలో, ఏ2 అనే ప్రాథమిక స్థాయి రాత భాగంలో, ఎప్పుడో జరిగిన ఒక సంఘటనను 60 మాటలకు తక్కువ కాకుండా వివరించమంటారు. అక్కడ ఈ కాలం ఒక్కటే చాలదు, 'ఎంపార్ఫే' అనే మరో భూతకాలం కూడా నడవాలి. దానికి ఇంగ్లీషు పెద్దగా సాయం చేయదు, ఎందుకంటే 'వెంట్' అన్న మాట ఒకసారి వెళ్లడానికీ రోజూ వెళ్లడానికీ ఒకటే. తెలుగులో 'వెళ్లాం' వేరు, 'వెళ్లేవాళ్లం' వేరు. 'వెళ్లేవాళ్లం' అనిపించిన ప్రతిచోటా ఎంపార్ఫే పెట్టండి, 'అప్పుడు వాన పడుతోంది' వంటి సాగుతున్న పనికీ అదే పెట్టండి, 'వెళ్లాం' అనిపించిన చోట సంయుక్త భూతకాలం పెట్టండి. దాదాపు ఎప్పుడూ తప్పు పోదు. నవలలలో, చరిత్ర పుస్తకాలలో కనిపించే మూడవ భూతకాలం ఒకటి ఉంది, 'ఇల్ దొనా' అన్నట్టు. అది మన 'ఇచ్చెను' వంటిది, చదివితే తెలిస్తే చాలు, బెంజి సర్కిల్లో ఎవరూ 'ఆటో వచ్చెను' అనరు కదా.

సంయుక్త భూతకాలం చేతికి వచ్చాక మిగిలిన సంయుక్త కాలాలు వాటంతట అవే వస్తాయి, 'దొనే'ను కదపకుండా సహాయక క్రియ కాలాన్ని మారిస్తే సరి. మనం 'ఇచ్చి' అనే క్త్వార్థకాన్ని అలాగే ఉంచి 'ఉండు'ను తిప్పినట్టే ఇదీను. 'జావే దొనే' అంటే అప్పటికే ఇచ్చి ఉన్నాను. 'జోరే దొనే' అంటే ఇచ్చి ఉంటాను. షరతు అర్థంలో 'ఇచ్చి ఉండేదాన్ని' అనడానికీ పలుకు దాదాపు 'జోరే దొనే'యే, రాతలో 'ఏ-ఐ' తరువాత 'ఎస్' చేరుతుంది. వీటిలో 'ఇచ్చి ఉంటాను' రూపం నాకు ఎక్కువ ఇష్టం. ఇది రేపటికల్లా పూర్తయ్యే పనిని చెబుతుంది, జరిగిపోయిన పని మీద ఊహను కూడా చెబుతుంది. తెలుగులోనూ ఈ రెండు పనులను 'ఉంటాడు' ఒక్కటే చేస్తుంది. తెనాలి నుంచి రావలసిన విద్యార్థి పాఠం మొదలైనా రాకపోతే, లోపల ఉన్నవారిలో ఒకరు 'రైలు మిస్సయి ఉంటాడు మేడమ్' అంటారు. దాన్ని ఫ్రెంచిలో చెప్పమంటాను: 'ఇల్ ఓరా మాఁకే సోఁ త్రేఁ'.